బోనులో లేనివాళ్లనే లోకం చూస్తుంది

ఖైదీలను హింసించిన సైనికులను నలుగురి ముందు విచారిస్తే దేశం పరువు పోతుందని చెన్నైలో మన తెలుగువాళ్లలో చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. ఆ పరువు జైలు గదిలోనే పోయింది. అయితే కోర్టు తలుపులు తెరిస్తే చాలు, పోయిన పరువు తిరిగొస్తుందన్న నమ్మకం కూడా నాకు లేదు. ఇరాక్‌లో అమెరికా చేసి చూసిన పని అదే.

ఇరాక్‌లోని అబూ గ్రైబ్ జైల్లో అమెరికా సైనికులు ఖైదీలను హింసించిన ఫొటోలు 2004 ఏప్రిల్ 28న అమెరికా టీవీలో వచ్చాయి. సరిగ్గా మూడు వారాలకు, మే 19న, బాగ్దాద్‌లోని కన్వెన్షన్ సెంటర్‌లో మొదటి కోర్టు మార్షల్ (సైనిక కోర్టు విచారణ) జరిగింది. అరబ్ విలేకరులను లోపలికి రానిచ్చారు. మా వాళ్ల తప్పును మేమే శిక్షిస్తున్నాం, మీరే చూడండి అని చెప్పడం దాని ఉద్దేశం. నిందితుడు జెరెమీ సివిట్స్ కింది స్థాయి సైనికుడు. నేరం ఒప్పుకున్నాడు, ఏడాది జైలు పడింది. ఆ రకం కోర్టు అంతకు మించి వేయలేదు కూడా. ఇరాకీల్లో చాలామందికి అది కంటితుడుపుగానే కనిపించింది. సరిగ్గా ఆ రోజుల్లోనే అమెరికా పాలనా యంత్రాంగం ఇరాక్‌లో ఒక సర్వే చేయించింది. అమెరికన్లంతా ఆ జైలు గార్డుల లాంటివాళ్లేనని 54 శాతం మంది చెప్పారు.

తర్వాత శిక్షలు పెరిగాయి. అదే జైలు గార్డు చార్లెస్ గ్రేనర్‌కు 2005లో పదేళ్లు వేశారు. మొత్తం 11 మంది సైనికులు దోషులయ్యారు. కానీ శిక్ష పై మెట్లకు వెళ్లలేదు. విచారణ ఎదుర్కొన్న ఏకైక అధికారి లెఫ్టినెంట్ కల్నల్ స్టీవెన్ జోర్డాన్‌పై ఖైదీల హింస ఆరోపణలు నిలబడలేదు. మిగిలిన ఒక్క చిన్న అభియోగాన్నీ 2008లో కొట్టేశారు. ఆ జైలు బాధ్యత చూసిన బ్రిగేడియర్ జనరల్ కర్పిన్‌స్కీకి హోదా తగ్గించి వదిలేశారు. బట్టలు విప్పించడం, కుక్కలతో భయపెట్టడం లాంటి పద్ధతులకు క్యూబాలోని అమెరికా సైనిక జైలు గ్వాంటనామో కోసం 2002 డిసెంబరులో ఆమోదం తెలిపిన రక్షణ మంత్రి రమ్స్‌ఫెల్డ్ 2006 డిసెంబరు దాకా పదవిలోనే ఉన్నారు. ఇరాక్ మనిషి లెక్క వేసుకున్నది ఇదంతా కలిపే. శిక్ష ఎన్నేళ్లన్నది ఆ లెక్కలో ఒక భాగం మాత్రమే.

ఆ లెక్క మద్రాసువాళ్లకు కొత్తది కాకూడదు. మన తెలుగు జిల్లాలు ఇక్కడి సెయింట్ జార్జి కోట నుంచే పాలించబడిన రోజుల్లో, శిస్తు వసూలుకూ నేరం ఒప్పించడానికీ రైతులను హింసిస్తున్నారని బ్రిటిష్ పార్లమెంటులో గొడవైంది. దాంతో కంపెనీ ప్రభుత్వం ఒక కమిషన్ వేసింది. 1855లో నివేదిక వచ్చింది. వేళ్లు కర్రల మధ్య పెట్టి నొక్కడం, మనిషిని వంచి కట్టి ఎండలో ఉంచడం, అన్నీ అందులో ఉన్నాయి. హింస నిజమేనని కమిషన్ ఒప్పుకుంది. తప్పు మాత్రం కింది నేటివ్ ఉద్యోగులదేనని, తెల్ల అధికారులకు అందులో చెయ్యి లేదని తేల్చింది. రెండేళ్ల తర్వాత, 1857లో, అదే నివేదికను కార్ల్ మార్క్స్ న్యూయార్క్ పత్రికలో బ్రిటిష్ పాలన మీదే సాక్ష్యంగా ఎత్తి చూపించాడు. దొరలను కాపాడిన కాగితమే సముద్రం అవతల వాళ్ల మీద ఫిర్యాదైంది. కింది మనిషి దగ్గరే ఆగిపోయిన విచారణను బయటివాళ్లు ఎలా చదువుతారో చెప్పడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ నాకు తెలియదు.

కెనడా కొంచెం ముందుకు వెళ్లింది. 1993లో సోమాలియాలో వాళ్ల శిబిరంలో 16 ఏళ్ల షిడేన్ అరోన్‌ను కొట్టి చంపారు. కైల్ బ్రౌన్‌కు ఐదేళ్ల శిక్ష పడింది. కథ అక్కడితో ఆగలేదు. ఆ ఎయిర్‌బోర్న్ రెజిమెంట్‌నే 1995లో రద్దు చేశారు. బహిరంగ విచారణ సంఘం కాగితాల తారుమారు దాకా తవ్వింది, 1996లో సైన్యాధిపతే రాజీనామా చేశాడు. ఆ సంఘం పని పూర్తికాకుండానే ప్రభుత్వం దాన్ని ముగించడం అన్యాయం. దీనంతటితో సోమాలియా ప్రజల మనసు మారిందని నేననను. కానీ కొందరు చెడ్డవాళ్లు చేసిన పని అనే మాట వెనక ఆ దేశం దాక్కోలేకపోయింది.

మన సంగతి? 2010లో కశ్మీర్‌లోని మచిల్‌లో జరిగిన బూటకపు ఎన్‌కౌంటర్ కేసులో సైనిక కోర్టు ఐదుగురికి యావజ్జీవం వేసిందని 2014లో తెలిసినప్పుడు, అప్పటి ముఖ్యమంత్రి ఒమర్ అబ్దుల్లా దాన్ని స్వాగతించారు. అరుదైన తీర్పు కనుక కశ్మీర్‌లో కాస్త ఆశ పుట్టింది. 2017లో సాయుధ దళాల ట్రిబ్యునల్ ఆ శిక్షను నిలిపి బెయిలిచ్చింది. చనిపోయినవాళ్ల ఊళ్లోనే ఆ తీర్పు మీద నమ్మకం నిలవకపోతే, పరాయి దేశంలో నిలుస్తుందని ఎలా ఆశిస్తాం? కోర్టు గది తెరిచి ఉందా లేదా అన్నది సగం ప్రశ్నే. తీర్పు తర్వాత ఏమైంది, ఆదేశాలిచ్చినవాళ్లను ఎవరైనా అడిగారా అన్నది మిగతా సగం.

అబూ గ్రైబ్ బాధితులు ముగ్గురికి 4.2 కోట్ల డాలర్లు చెల్లించాలని 2024 నవంబరులో వర్జీనియాలో ఒక జ్యూరీ తేల్చింది. దావా వేసింది 2008లో. కట్టాల్సింది ఒక ప్రైవేటు కాంట్రాక్టు కంపెనీ. ఆ పద్ధతులకు పైనుంచి ఆమోదం తెలిపినవాళ్లలో ఒక్కరిని కూడా అమెరికా కోర్టు మార్షల్ ముందు నిలబెట్టలేదు.