స్టీరియోకి చెప్పాల్సిన అబద్ధాలు

వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్లి చేయమన్నారు పెద్దలు. పాత కారులో ఫోన్‌లోని పాట మోగించడానికి అన్ని అక్కర్లేదు, ఒక్కటి చాలు. ఎటొచ్చీ దాన్ని చెప్పాల్సింది పెళ్లివారికి కాదు, డ్యాష్‌బోర్డులో కూర్చున్న కంపెనీ స్టీరియోకి. అది నమ్మిందా, పాట వస్తుంది. నమ్మలేదా, ఎఫ్ఎంలో వెంచర్ల ప్రకటనలు వింటూ ఆఫీసుకు పోవడమే.

ఆ స్టీరియోని పీకేసి యాండ్రాయిడ్ పెట్టె బిగించుకోమనే వర్గం ఒకటుంది. వారితో నాకు పేచీ లేదు, పొత్తూ లేదు. సెకండ్ హ్యాండ్ కారు అమ్మేవాడు బానెట్ ఎత్తి ఇంజిన్ గురించి అరగంట చెప్పినా మనకు ఎక్కదు. "మ్యూజిక్ సిస్టమ్ కంపెనీది సార్, ఒక్క వైరు కూడా కట్ చెయ్యలేదు" అన్నాడంటే మాత్రం ఆ కారు మీద భక్తి పుట్టుకొస్తుంది. అలాంటి దాన్ని పాటల కోసం పాడుచేస్తామా? కాబట్టి మిగిలిన మర్యాదైన మార్గం మోసమే.

స్టీరియో మీద కోపం తెచ్చుకోవడం కూడా న్యాయం కాదు. ఫిలిప్స్ వాళ్లు క్యాసెట్‌ను 1963లో తెచ్చారు. సీడీ 1982లో వచ్చింది. ఫైలు పేరు చివర ఎంపీ3 అనే తోక 1995లో తగిలించారు. ఐఫోన్ 2007లో వచ్చింది. అయినా అమెరికాలో 2010 మోడల్ లెక్సస్ ఒకటి క్యాసెట్ ప్లేయర్‌తోనే షోరూమ్ నుంచి బయటికి నడిచింది. అంత ఖరీదు పెట్టి కొన్నవాళ్లే నోరెత్తనప్పుడు, ఏడు చేతులు మారిన బండిలో కూర్చుని మనం సణగడం ఏం బాగుంటుంది?

అబద్ధాల్లో అన్నిటికన్నా చవకైనది "నేను రేడియో స్టేషన్‌ని" అన్నది. సిగరెట్ లైటర్ సాకెట్లో బొటనవేలంత ఎఫ్ఎం ట్రాన్స్‌మిటర్ గుచ్చగానే మీరు ప్రసార సంస్థ అధిపతి అయిపోతారు. ఇక మీ స్టేషన్‌కు చోటు వెతుక్కోవాలి. హైదరాబాద్‌లో 91.1, 93.5, 98.3 ఎప్పుడో రిజిస్ట్రేషన్ అయిపోయాయి. 101.9లో ఆకాశవాణి రెయిన్‌బో, 102.8లో వివిధ భారతి గోడ కట్టుకుని ఉన్నాయి. మధ్యలో ఎక్కడో ఇరవై గజాల ముక్క దొరికినా రెండు పక్కల నుంచీ ఆక్రమణే. విజయవాడ రోడ్డెక్కి చౌటుప్పల్ దాటాక గాలి తేటపడుతుంది, ఘంటసాల గొంతు నిండుగా పలుకుతుంది. కోదాడ దాకా మనదే రాజ్యం. నందిగామ దాటి బెజవాడ దగ్గర పడేసరికి అక్కడి స్టేషన్లు మీదపడి, పద్యం మధ్యలో నగల మజూరీ తగ్గింపు మొదలవుతుంది. టోల్ గేటు దగ్గర పక్క కారువాడు అదే నంబరు పెట్టుకుని ఉంటే మన పాట వాడికీ వినపడుతుంది. రాయల్టీ వసూలుకు ఏర్పాట్లు ఇంకా జరగలేదు.

క్యాసెట్ అడాప్టర్‌ది కళాత్మకమైన అబద్ధం. చూడ్డానికి అచ్చం క్యాసెట్టే, లోపల టేపు ఉండదు. టేపు తగలాల్సిన చోట ఒక చిన్న హెడ్డు ఉంటుంది. అది ఫోన్ నుంచి వైరులో వచ్చిన పాటను అయస్కాంతపు తరంగాలుగా మార్చి, ప్లేయర్ హెడ్డు ముఖం మీదే వినిపిస్తుంది. టేపు చదువుతున్నానని ప్లేయర్ సంబరపడుతుంది. అయితే దానికి ఇంకో అనుమానం ఉంటుంది. చక్రం తిరగడం ఆగితే టేపు అయిపోయినట్టే లెక్క. అందుకని అడాప్టర్ లోపల ఉత్త పళ్లచక్రాలు పెట్టారు. అవి ఏమీ చుట్టకుండా, ఏమీ విప్పకుండా, చాలా శ్రద్ధగా తిరుగుతూ ఉంటాయి. కొన్ని కార్యాలయాల్లో ఈ ఏర్పాటు మనుషులతో అమల్లో ఉంది. ఆ చక్రాల్లో ఒకటి పట్టేసిందంటే ఆటో రివర్స్ ప్లేయర్ కంగారుపడి టక్కున బి సైడుకి తిప్పుతుంది. అక్కడా ఏమీ ఉండదు కనక మళ్లీ ఏ సైడుకి. టక్, టక్, టక్. పాట ఎక్కడుందో చెప్పండని అది అడుగుతుంటుంది. చెప్పేవాడు లేడు.

సీడీ ఛేంజర్ పెట్టెది మాత్రం పరకాయ ప్రవేశం. కొన్ని పాత కార్లకు డిక్కీలో ఆరు సీడీలు ఒకదాని తర్వాత ఒకటి మార్చి వాయించే ఛేంజర్ బిగించుకునే వీలుండేది. దాని కోసం స్టీరియో వెనక ఒక సాకెట్ వదిలేవారు. మన దగ్గర ఎందరు బిగించుకున్నారో ఆ డిక్కీలకే తెలుసు. అగ్గిపెట్టెకు కాస్త పెద్దదైన డబ్బా ఒకటి ఆ సాకెట్లో చేరి "డిక్కీలో ఉన్న ఛేంజర్‌ని నేనే" అంటుంది. సీడీ ఉందా అని స్టీరియో అడుగుతుంది. ఉంది అంటుంది డబ్బా. తిరుగుతోందా? తిరుగుతోంది. ఇలా జవాబులు వస్తున్నంతసేపూ ఆ డబ్బాకు గుచ్చిన పెన్‌డ్రైవ్‌లోని పాటలు మోగుతాయి. షరతు ఒకటే. పాటల్ని ఆరు ఫోల్డర్లుగా పంచాలి, ఫోల్డరుకు 99కి మించకూడదు. అంటే 594. 595వ పాట మీకు ప్రాణమే కావచ్చు, స్టీరియోకి మాత్రం అది పుట్టనే లేదు. తెర మీద పాట పేరు రాదు, "సీడీ 3, ట్రాక్ 47" అని వస్తుంది. మా బావగారు ఆ జాబితా చేత్తో రాసి లామినేషన్ చేయించి సన్ వైజర్‌కు తగిలించారు. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా పంచాంగం చూస్తున్నట్టు చూసి, పాట ఎంచే లోపల గ్రీన్ పడి, వెనకాల వాళ్ల హారన్లు వింటారు.

తర్వాతి తరం స్టీరియోలకు యూఎస్‌బీ వచ్చింది, సమస్య తీరిందనుకున్నాం. 64 జీబీ పెన్‌డ్రైవ్ షాపులో తరచూ ఎక్స్‌ఫ్యాట్ అనే ఫార్మాట్‌లో వస్తుంది, స్టీరియోకి ఫ్యాట్32 అనే పాత ఫార్మాట్ తప్ప పడదు. "రీడింగ్" అని మియాపూర్ నుంచి మెహిదీపట్నం దాకా చదువుతూనే ఉంటుంది. బ్లూటూత్ సంగతి ఇంకా సున్నితం. అందులో మాటలకు ఒక దారి, పాటలకు వేరే దారి. పాటల దారి పేరు ఏ2డీపీ. కొన్ని కంపెనీ స్టీరియోలకు మాటల దారి ఒక్కటే వేసి వదిలేశారు. ఫలితంగా ఇళయరాజా వినపడరు. వెనక సీట్లో మేనత్త కూర్చుని ఉండగా ఇంటి నుంచి ఫోన్ వచ్చి, "ఆవిడ ఇంకా ఎన్నాళ్లుంటారట, కాస్త కనుక్కోండి" అన్నది మాత్రం స్పీకర్లలో స్పష్టంగా వినపడుతుంది.

ఏదో ఒక అబద్ధం కుదిరి పాట మొదలయ్యాక సన్నటి కూత ఒకటి తోడవుతుంది. యాక్సిలరేటర్ తొక్కితే శ్రుతి పెరుగుతుంది, వదిలితే తగ్గుతుంది. ఫోన్‌కు ఛార్జింగూ, పాటను స్టీరియోకి మోసుకెళ్లే ఆక్స్ వైరూ ఒకేసారి పెడితే ఎర్త్ రెండు దార్లలో కలిసి, ఇంజిన్‌తో తిరిగి కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ చప్పుడు స్పీకర్ల దాకా వచ్చేస్తుంది. గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ అనే బుల్లి డబ్బా మధ్యలో పెడితే పోతుంది. నాకైతే ఇంజిన్‌కు కూడా కోరస్‌లో చోటివ్వాలనే ఉంటుంది. పని అంతా చేసేది అదే కదా.

ఇంత చేశాక ఒకరోజు మెకానిక్ బ్యాటరీ వైరు విప్పుతాడు. తిరిగి తగిలించగానే స్టీరియో కోడ్ అడుగుతుంది. అది దొంగల భయంతో పెట్టిన ఏర్పాటు. కోడ్ రాసిన కార్డు మొదటి ఓనరు బీరువాలో ఉంటుంది, ఆ ఓనరు న్యూజెర్సీలో ఉంటాడు. ఊహించి కొడదామంటే, రెండు మూడు తప్పులకే తలుపేసుకుని గంట తర్వాత రమ్మంటుంది. ఇన్నాళ్లుగా మనం చెప్పిన ప్రతి అబద్ధాన్నీ నమ్మిన అమాయకురాలు, ఈ కారు నాదే అన్న ఒక్క నిజాన్ని మాత్రం నమ్మదు.

ఈ మధ్య కోఠి గుజరాతీ గల్లీలో ఒక షాపు ముందు నిలబడితే, రిటైరైన పెద్దాయన ఒకరు అట్టపెట్టె నిండా సీడీలతో వచ్చారు. కొడుకు కొత్త కారు కొనిచ్చాడట. గోడంత టచ్‌స్క్రీన్ ఉంది, సీడీ దూర్చడానికి సందే లేదు.

"యూఎస్‌బీ సీడీ ప్లేయర్ ఉంది సార్" అన్నాడు కుర్రాడు. "స్టీరియోకి మాత్రం పెన్‌డ్రైవ్ అని చెబుతుంది."

"నమ్ముతుందా?"

"కొన్ని కార్లు నమ్ముతాయి సార్."