పూడిక మట్టి గారికి పైపులోళ్ల విన్నపం

మహారాజశ్రీ పూడిక మట్టి గారి సముఖమునకు,

నీటి పైపు వేశాక ట్రెంచిని (పైపు కోసం తవ్విన కందకాన్ని) పూడ్చే తమరి కడుపు చాలా పెద్దదండీ. ఎవరు ఏ తప్పు చేసినా దాచుకుంటారు. అరిగించుకోరు, అదే మా బాధ.

తమరు దయచేసేలోపు కాస్త పని ఉంటుంది. ట్రెంచి అడుగున రాళ్లు ఏరి 100 నుంచి 150 మిల్లీమీటర్ల మందాన ఇసుక పరుపు వేయాలి. సాకెట్ (పక్క పైపు మూతి దూరే వెడల్పాటి చివర) వచ్చే ప్రతిచోటా ఆ పరుపులో చిన్న గుంట తీయాలి. సాకెట్ పైపుకన్నా లావు కదా, గుంట లేకపోతే పైపంతా సాకెట్ల మీదే వంతెనలాగా నిలబడుతుంది. తమరు పైన కూర్చోగానే నడుం వంగుతుంది. గుంట తీయడం చేతిపారతో క్షణాల్లో అయ్యే పని. కానీ జేసీబీ గంటల లెక్కన అద్దెకొచ్చింది, దాన్ని ఊరికే నిలబెడతారా? అందుకని తమరే ముందు దిగిపోతారు.

పైపు పొట్ట కింద రెండు పక్కలా ఒక సందు మిగులుతుంది. అందులోకి తమర్ని పక్కల నుంచి కొంచెం కొంచెంగా తోసి చేతి దిమ్మిసతో కుక్కాలి. పైనుంచి ఒక్క బకెట్టున పడితే తమరు అక్కడికి చేరనే చేరరు, లోపల బోలుగా ఉండిపోతుంది. ప్లాస్టిక్ పైపుకి చాలావరకు బలం పక్కన బిగిసిన మట్టిదే. అది లేకపోతే గుండ్రటి పైపు కోడిగుడ్డు ఆకారానికి దిగుతుంది. నెత్తిమీద 300 మిల్లీమీటర్లు నిండేదాకా బరువు యంత్రంతో దిమ్మిస కొట్టకూడదు. ఇక తమరి వెంట వచ్చే బంధువర్గం (బండరాళ్లు, కాంక్రీటు పెళ్లలు, తెగిన చెప్పు) గురించి ఏం చెప్పమంటారు!

నవ్వొచ్చేది మాత్రం బెండు దగ్గర, అంటే పైపు మలుపు తిరిగే చోట. 300 మిల్లీమీటర్ల పైపు, 10 బార్ల ఒత్తిడి, 90 డిగ్రీల బెండు. లెక్క కడితే నీళ్లు ఆ బెండును బయటికి తోసే బలం దాదాపు 10 టన్నులు. జాయింటు లోపలి రబ్బరు రింగు నీటిని ఆపుతుందే గానీ పైపును పట్టుకోదు. అందుకే బెండు వీపు వెనక, తవ్వని గట్టినేలకు ఆనించి కాంక్రీటు దిమ్మ పోస్తారు. పోయాలి, సరే. పోయకుండా ఆ 10 టన్నులూ తమరికే అప్పగిస్తారు, నిన్న తవ్వి ఇవాళ పోసిన గుల్ల శరీరానికి! తమరూ ఓ అంటారు. వాల్వు తిప్పగానే పక్కకి తప్పుకుంటారు.

ప్రెషర్ టెస్టు జాయింట్లు కళ్లకు కనబడుతుండగానే చేయాలి. పైపు నడుముల మీద తమరు కూర్చోవచ్చు, కూర్చోవాలి కూడా. పల్లం నుంచి నెమ్మదిగా నీళ్లు నింపి, మెరక దగ్గర గాలి పోనిచ్చి, మామూలు ఒత్తిడికి ఒకటిన్నర రెట్లు ఎక్కించి గేజి చూస్తాం. లోపల గాలి మిగిలితే పంపు ఎంత కొట్టినా ముల్లు బద్ధకంగా లేస్తుంది. సిమెంటు పూత ఉన్న పైపుని ముందు ఒక రోజంతా నీళ్లు తాగనివ్వాలి, లేకపోతే అది పీల్చుకున్న నీటిని లీకనుకుని వెతుక్కోవడమే.

జాయింట్లన్నీ తమరు కప్పేశాక ముల్లు దిగితే? తమరు నోరు విప్పరు. కారిన నీరు ఇసుక పరుపు వెంట పాకి ఎక్కడో అవతల తేలుతుంది. అక్కడ తవ్వితే జాయింటే ఉండదు! రింగుకి సబ్బు జిడ్డు బదులు గ్రీజు పూశారనీ, అందుకే రబ్బరు ఉబ్బిందనీ, స్పిగాట్ (సాకెట్‌లోకి దూరే పైపు చివర) మీద ఎంతవరకు దూర్చాలో చూపే గీత సాకెట్ దాకా పోనేలేదనీ తమరికి మొదటిరోజే తెలుసు.

జాయింట్ల మీదికి మాత్రం టెస్టు అయ్యాక రండి. డ్రైవరు హారన్ కొడుతున్నాడు, ఉంటాం.

ఇట్లు,
పైపు వేసేవాళ్లు

తా.క.: తవ్వి తీశాక తమరు ట్రెంచి అంచునే కుప్పగా కూర్చుంటున్నారు. కనీసం 60 సెంటీమీటర్లు వెనక్కి జరగండి. ఘనమీటరుకి తమరు టన్నున్నర దాకా తూగుతారు, కింద మేమున్నాం.