అమ్మకు పీఎఫ్, తమ్ముడికి బిరుదు

మా అమ్మ నిజామాబాద్‌లో ఇంటి అరుగు మీద కూర్చుని ముప్పయ్యేళ్లు బీడీలు చుట్టింది. ఆమె పీఎఫ్ డబ్బుతో తమ్ముడికి బండి కొన్నాం. ఆ బండి మీదే వాడు హైదరాబాద్‌లో ఇంటింటికీ భోజనాలు అందిస్తున్నాడు. వాడికి పీఎఫ్ లేదు. కంపెనీ ఇచ్చిన ‘పార్ట్‌నర్’ అనే బిరుదు మాత్రం ఉంది.

అమ్మ ఏనాడూ కార్ఖానాలో పనిచేయలేదు. ఆకు, తంబాకు తెచ్చుకుని వంటకూ నిద్రకూ మధ్య చుట్టేది. కూలి వెయ్యి బీడీల లెక్కన. ఇలా ఇళ్లలో చుట్టేవాళ్లు తమ ఉద్యోగులు కారని యజమానులు సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. 1985లో పి.ఎం. పటేల్ అండ్ సన్స్ కేసులో కోర్టు ఆ వాదన కొట్టేసింది. బాగాలేని బీడీలను తీసిపారేసే హక్కు యజమానికి ఉంది కదా, అదుపు ఉందనడానికి అది చాలు, పీఎఫ్ వర్తిస్తుందని తేల్చింది.

మరి తమ్ముడి మీద అదుపు లేదా? ఏ ఆర్డరు, ఎంత డబ్బు, ఎన్ని నిమిషాలు, అన్నీ ఫోనే చెబుతుంది. మొన్న వానలో ఆలస్యమైందని రెండు రోజులు ఆర్డర్లు రాకుండా వాడి ఐడీ ఆపేశారు. ఎందుకని అడుగుదామంటే ఎదురుగా మనిషే లేడు! అమ్మకు కనీసం తిట్టుకోవడానికి, ఆకు ఇచ్చి బీడీలు తీసుకెళ్లే కమీషన్‌దారు ఉండేవాడు.

ఇక చట్టం. 2020 నాటి సామాజిక భద్రతా కోడ్ 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చింది. సంప్రదాయ యజమాని-ఉద్యోగి సంబంధానికి వెలుపల పనిచేసి సంపాదించే వ్యక్తి గిగ్ వర్కర్ అంటుంది. అసలు తగువే లోపలా వెలుపలా అన్నది కదా! పనిని చూసి కోర్టు తేల్చాల్సిన సంగతిని నిర్వచనమే ముందుగా తేల్చేసినట్టుంది. కంపెనీలు టర్నోవరులో 1 నుంచి 2 శాతం సంక్షేమ నిధికి కట్టాలట, అదీ వర్కర్లకు చెల్లించేదాంట్లో 5 శాతం మించకుండా. నిధి వద్దనను. కానీ కనీస వేతనం అడగాలన్నా, ఐడీ ఎందుకు ఆపారని నిలదీయాలన్నా ముందు యజమాని అంటూ ఒకడు ఉండాలి.

బ్రిటన్ సుప్రీంకోర్టు 2021లో ఊబర్ కేసులో ఒప్పందంలోని పేర్లను పక్కనబెట్టి, చార్జీ ఎవరు నిర్ణయిస్తున్నారో చూసింది. డ్రైవర్లకు కనీస వేతనం, జీతంతో కూడిన సెలవు దక్కాలంది.

“ఉద్యోగమైతే నా టైము నా చేతిలో ఉండదక్కా” అంటాడు తమ్ముడు. అమ్మ టైము మాత్రం ఎవరి చేతిలో ఉండేది? పెళ్లిళ్ల రోజుల్లో వారం పాటు ఆకు ముట్టేది కాదు. అయినా పీఎఫ్ పోలేదు.