అప్పు మీద లేచిన శ్లాబు

ఒడిశాలో బరంపురం నుంచి పర్లాకిమిడి మీదుగా గుణుపురం దాకా బస్సులో వెళ్తే ఊరూరా ఒకే రకం ఇల్లు కనిపిస్తుంది. శ్లాబు పడింది, గచ్చు లేదు. తలుపు బిగించారు, గోడకు పూత లేదు. ఇనుప చువ్వలు మాత్రం పైకి నిక్కి ఉంటాయి, ఏనాటికైనా మేడ వేయకపోతామా అని.

పూరిళ్లు తగ్గడం మంచిదే. 2013 అక్టోబరు 12 రాత్రి గోపాల్‌పూర్ దగ్గర ఫైలిన్ తుఫాను తీరం దాటినప్పుడు, 2018లో తిత్లీ తుఫాను గజపతి జిల్లాను అతలాకుతలం చేసినప్పుడు ఈ ప్రాంతంలో ఉన్నవారెవరూ తాటాకు కప్పు అందాల గురించి మాట్లాడరు. (అరుగు లేని ఇంట్లో చుట్టం ఎక్కడ కూర్చోవాలన్నది వేరే సంగతి.)

మా పేచీ డబ్బు దగ్గర. పల్లెల్లో పేదలు పక్కా ఇల్లు కట్టుకోవడానికి ప్రభుత్వం సాయమిచ్చే ప్రధానమంత్రి గ్రామీణ ఆవాస్ యోజన 2016లో మొదలైనప్పుడు ఇంటికి మైదానంలో 1.20 లక్షలు, కొండ ప్రాంతాల్లో 1.30 లక్షల రూపాయలు ఖాయం చేశారు. 2024లో మరో 2 కోట్ల ఇళ్లకు కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. ఇళ్ల సంఖ్య పెరిగింది, సాయం పెరగలేదు. కనీస వైశాల్యం 25 చదరపు మీటర్లు కాబట్టి మైదానంలో చదరపు అడుగుకు 450 రూపాయలు కూడా రావు. ఉపాధి హామీ కూలి, మరుగుదొడ్డికిచ్చే 12 వేలు కలిపి చెప్పినా తాపీ మేస్త్రి నవ్వి ఊరుకుంటాడు. పైగా సిమెంటు మీద 28 శాతం జీఎస్టీ. దాన్ని 18కి దించింది 2025 సెప్టెంబరులోనే. అంతవరకూ పేదవాడి చేతిలో పెట్టిన సొమ్ములో కొంత సిమెంటు బస్తా దారిన తిరిగి ఖజానాకే చేరింది.

మిగతాది అప్పు. అప్పు తీరాలంటే గుజరాత్‌లోని సూరత్ వెళ్లాలి. గంజాం జిల్లా పల్లెల మగవాళ్లు అక్కడి మరమగ్గాల దగ్గరికి వెళ్లడం కొత్త కాదు. ఇప్పుడు ఇల్లు కట్టుకున్నందుకే ఇల్లు వదిలే పరిస్థితి వచ్చింది. కొత్త ఇంట్లో ముసలి తల్లిదండ్రులుంటారు, లేదంటే తాళం ఉంటుంది. అధికారుల పట్టికలో అది ‘పూర్తయిన ఇల్లు’.

ఈ పథకం ఖర్చులో 40 శాతం ఒడిశాదే. అంత వాటా మోస్తున్న రాష్ట్రం, ఇనుము, సిమెంటు ధరలను బట్టి ఏటా సాయాన్ని సవరించాలని ఢిల్లీని గట్టిగా అడగాలి. ఆ సవరణ వచ్చేదాకా లోటును తన బడ్జెట్ నుంచే పూడ్చాలి.