రూట్ పాస్‌వర్డ్ పిలకాయలకు ఇవ్వరాదు

విండోస్ లాగే కంప్యూటర్‌ను నడిపే లినక్స్ అనే సాఫ్ట్‌వేర్‌లో అడ్మినిస్ట్రేషన్, అంటే మెషిన్ల బాగోగులు చూసుకునే పని, నేర్పే కోచింగ్ సెంటర్ల మీద ఈమధ్య నెల్లూరులో నిందలు ఎక్కువయ్యాయి. ఫీజు ముందే కట్టించుకుంటారు, ల్యాబ్‌లో మెషిన్ల రూట్ పాస్‌వర్డ్ మాత్రం చచ్చినా చెప్పరు అన్నది అందులో మొదటిది. ఎవరో ఒకరు సెంటర్ల పక్షాన మాట్లాడాలి కాబట్టి ఈ నాలుగు మాటలు.

రూట్ అనే యూజర్ సామాన్యుడు కాదు. మెషిన్లో ఏ ఫైలైనా తెరుస్తాడు, ఏ యూజర్నైనా పీకేస్తాడు, తలుచుకుంటే మెషిన్నే పడుకోబెడతాడు. అంత అధికారం తీసుకెళ్లి నిన్న మొన్న డిగ్రీ అయిన పిలకాయల చేతిలో పెట్టమంటారా? వాళ్లు అడ్మినిస్ట్రేషన్ నేర్చుకోను వచ్చారు గానీ చెయ్యను రాలేదు కదా!

పైగా సెంటర్ వాళ్లు ఏమీ ఇవ్వడం లేదనడం పచ్చి అబద్ధం. రన్నింగ్ నోట్స్ ఇస్తున్నారు. మాగుంట లేఅవుట్‌లో ఒక క్లాసు కిటికీ దగ్గర నిలబడి కళ్లారా చూశాను. సారు ఫైళ్ల చిట్టా చూపించే 'ఎల్‌ఎస్ మైనస్ ఎల్' కమాండ్ కొట్టారు. తెర మీద పడిన లైన్లన్నీ పిలకాయలు పొల్లుపోకుండా లాంగ్ నోట్‌బుక్కుల్లోకి ఎక్కించారు. సారు ల్యాప్‌టాప్‌లో ఉన్న ఫైళ్ల సైజులు, తేదీలతో సహా. కమాండ్ ఎర్ర పెన్నుతో, అవుట్‌పుట్ నీలం పెన్నుతో. తర్వాత పర్మిషన్లు, అంటే ఏ ఫైలును ఎవరు ఏం చేయొచ్చన్నది. చదవడానికి 4, రాయడానికి 2, నడపడానికి 1. ఓనర్‌కు అన్నీ కలిపి 7, గ్రూపుకు 5, మిగతావాళ్లకు 5. "ఏడు వందల యాభై అయిదు" అని క్లాసంతా ఒక్క గొంతుతో అప్పజెప్పింది. కీబోర్డు మీద ఒక్క వేలు పడకుండా ఇంత చదువు చెప్పడం మాటలు కాదు. వెనక బెంచీ అమ్మాయి ఒకతె "సార్, 777 ఇస్తే ఏమవుద్ది?" అంది. "అది ఇంటర్వ్యూలో అడగరులేమ్మా" అన్నారు సారు.

తప్పంతా పరీక్ష పెట్టేవాళ్లది. లినక్స్ కంపెనీ రెడ్ హ్యాట్ వాళ్లు పెట్టే ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ అనే సర్టిఫికెట్ పరీక్ష సంగతే చూడండి. బిట్లు లేవు, ఆప్షన్లు లేవు. గంటల తరబడి మెషిన్ ముందు కూర్చోబెట్టి పనులు చెప్తారు. యూజర్లను చేర్చాలి, డిస్కులో జాగా పెంచాలి, ఫైర్‌వాల్‌లో దారి తెరవాలి. ఇంటర్నెట్ ఉండదు. తెలియకపోతే మెషిన్లోనే ఉండే మ్యాన్ పేజీలనే కమాండ్ల వివరాలు చదువుకోవాలట. చేసిన పని రీబూట్ అయ్యాక కూడా నిలబడాలట. 300కు 210 రావాలి. ఇంతా కష్టపడి పాసైతే సర్టిఫికెట్‌కు మూడేళ్లే గడువు. రెండు రంగుల్లో రాసిన రన్నింగ్ నోట్స్‌కు మాత్రం ఒక్క మార్కు లేదు. ఇది మన జిల్లా విద్యార్థుల మీద కుట్ర కాక మరేమిటి?

కోవూరు నుంచి కొడుకును చేర్పించను వచ్చిన ఒక రైతు ఆఫీసు గదిలో సారును అడుగుతున్నాడు.

"ఈ లినక్స్ కొనాలంటే ఎంతవుద్ది సార్?"

"కొనేది లేదు పెద్దాయనా. ఊరికే దొరుకుద్ది."

"మరి ఈ ఫీజు దేనికి సార్?"

"వాడటం రావాలి కదా, అందుకు."

"అయితే మావాడి చేత వాడిస్తారన్న మాట."

సారు రసీదు పుస్తకం తెరిచారు.

ఊరికే ఇవ్వడం నెల్లూరుకు కొత్తేం కాదు. మొహర్రం రోజుల్లో రొట్టెల పండుగకు స్వర్ణాల చెరువులో ఉద్యోగం రొట్టెను ఎవరూ అమ్మరు. కోరిక తీరినవాళ్లు ఇస్తారు, కోరికున్నవాళ్లు పట్టుకుంటారు, తీరాక వాళ్లూ వచ్చి ఇంకొకరికి ఇస్తారు. 1991లో హెల్సింకీలో లైనస్ టోర్వాల్డ్స్ అనే 21 ఏళ్ల విద్యార్థి సరదాకి మొదలెట్టిన లినక్స్ కెర్నల్ (సిస్టం గుండెకాయ), మరుసటేడు జీపీఎల్ లైసెన్సు కిందికి వచ్చింది. దాని షరతూ అటూ ఇటుగా ఇదే. తీసుకో, మార్చుకో, ఇంకొకరికి ఇచ్చేటప్పుడు సోర్స్ కోడ్‌తో సహా అదే హక్కుతో ఇవ్వు. బాగానే ఉంది గానీ, మధ్యలో టోకెన్లు చించేవాడు లేకపోతే క్రమశిక్షణ ఎట్టా వస్తుంది? ఆ లోటు మన సెంటర్లు తీరుస్తున్నాయి.

ఇంట్లో ల్యాప్‌టాప్‌లో కంప్యూటర్లోనే ఇంకో కంప్యూటర్‌ను సృష్టించే వర్చువల్‌బాక్స్ వేసుకుని, రాకీ లినక్సో అల్మా లినక్సో దించుకుంటే రూట్ మీరే కదా అని కొందరు పిలకాయలను చెడగొడుతున్నారు. రెండూ ఉచితమే, రెండూ రెడ్ హ్యాట్ లినక్స్ లాగే నడుస్తాయి, పాడైతే తుడిచేసి మళ్లీ వేసుకోవచ్చు, అంతా నిజమే. చిక్కంతా అక్కడే ఉంది. పదిసార్లు పాడుచేసినవాడికి బాగుచేయడం వచ్చేస్తుంది. ఇక రెండో విడత ఫీజు ఎవరు కడతారు?

అసలు ఈ రభసకు కారణం ఒక కావలి కుర్రాడు. పాస్‌వర్డ్ తెలియని మెషిన్‌ను బూట్ అయ్యేటప్పుడు మధ్యలో ఆపి లోపలికి పోవడం సిలబస్‌లోనే ఉంది. వీడు ఒకరోజు సారు రాకముందే ల్యాబ్‌లో కూర్చుని, మెషిన్ లేచేటప్పుడు వచ్చే గ్రబ్ మెనూలో 'ఇ' నొక్కి, లినక్స్ అని మొదలయ్యే లైను చివర 'ఆర్‌డీ డాట్ బ్రేక్' చేర్చి, కొత్త రూట్ పాస్‌వర్డ్ పెట్టేశాడు. ఫైళ్లకు భద్రతా ముద్రలు మళ్లీ వేయించే ఆటోరీలేబుల్ ఫైలు పెట్టడం మరిచిపోతే, ఎస్‌ఈలినక్స్ అనే కాపలాదారు పుణ్యమా అని సరైన పాస్‌వర్డ్ కొట్టినా మెషిన్ గడప దాటనివ్వకపోవచ్చు. వాడు అదీ మరిచిపోలేదు. సిస్టం పాడుచేశాడని సెంటర్ వాళ్లు వాణ్ని బ్యాచ్ నుంచి తీసేశారు. న్యాయమే. చెప్పని పాఠం చేసి చూపించడం ఏ సంస్థా సహించదు.

కాకపోతే ఇప్పుడు ఆ మెషిన్లోకి సారే పోలేకపోతున్నారు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి కుర్రాడికి ఫోన్ చేస్తున్నారు, "ఏం పెట్టావు నాయనా పాస్‌వర్డ్?" అని. వాడు ఎత్తడం లేదు. వాడు మార్చినట్టే మీరూ మార్చుకోవచ్చు కదా సార్ అన్నాను. ఆ చాప్టర్ వచ్చే నెలలో ఉందన్నారు.