లైబ్రరీ సెర్చ్ బాక్స్ గారికి, ఒక చేపల ప్రాజెక్టు బాధితురాలు

గౌరవనీయులైన రీసెర్చ్ డేటాబేస్ సెర్చ్ బాక్స్ గారికి,

మూడు వారాలుగా మీ గుమ్మంలోనే పడి ఉన్నాను కాబట్టి కుశల ప్రశ్నలు వదిలేస్తున్నాను. విశాఖలో బీఎస్సీ జువాలజీ చదువుతున్నాను. ప్రాజెక్టు మన తీరంలో కానగంతల దిగుబడి మీద. చిన్నప్పటి నుంచి తింటున్న చేపే కదా, రాయడం ఎంతసేపు అనుకున్నాను.

మొదటి రోజు మిమ్మల్ని మనిషిలాగే పలకరించాను. 'సముద్రం వేడెక్కడం వల్ల వైజాగ్ ఫిషింగ్ హార్బర్‌లో కానగంతల దిగుబడి ఎలా మారింది?' అని ఇంగ్లీషులో, ప్రశ్నార్థకంతో సహా టైపు చేశాను. ఫలితాలు: 0. ఆ సున్నాని ఎంత గుండ్రంగా చూపించారండీ! గూగుల్‌కి అలవాటుపడ్డ ప్రాణం నాది. అక్కడ వంకరగా అడిగినా ఏదో ఒకటి చేతిలో పెట్టి పంపుతారు. మీరేమో నేను రాసిన మాటలన్నీ ఒకే వ్యాసంలో ఉండి తీరాలని భీష్మించారు.

సరే, కానగంతకి ఇంగ్లీషు పేరు 'మాకరెల్' అని ఒక్క మాటే ఇచ్చాను. వేలకు వేలు కుమ్మరించారు. పై వరసంతా అట్లాంటిక్ మాకరెల్, నార్వే, ఐస్‌లాండ్. కోపమొచ్చి 'నాట్ అట్లాంటిక్' అన్నాను. ఎక్కడో పోలిక కోసం ఒక్కసారి అట్లాంటిక్ అన్న పాపానికి మన తీరం వ్యాసాల్ని కూడా తీసుకెళ్ళి బంగాళాఖాతంలో కలిపేశారు.

లైబ్రరీ మేడమ్ వెనకనుంచి చూసి, "వల కన్ను చూసుకోకుండా విసిరేస్తే ఏటి పడతాదమ్మా?" అన్నారు. ముందు కంప్యూటర్ వదిలి, చేపకెన్ని పేర్లు, ఊరికెన్ని పేర్లు ఉన్నాయో కాగితం మీద రాయమన్నారు.

ఊరి పేర్లకే సగం పేజీ పట్టింది. విశాఖపట్నం, వైజాగ్, వాల్తేరు, పాత పుస్తకాల్లో వైజాగపటం. మళ్ళీ 'శ'కి ఎస్ ఒక్కటే రాసినవాళ్ళు, పక్కన హెచ్ తగిలించినవాళ్ళు. మీ లెక్కలో ఇవన్నీ వేరువేరు ఊళ్ళు. శ్రీకాకుళం బస్టాండులో కండక్టరు "వైజాగ్, వైజాగ్" అని అరుస్తుంటే, నేను విశాఖపట్నం వెళ్ళాలి కదా అని ఎవరైనా ఎక్కకుండా నిలబడిపోతారా? మీరు నిలబడిపోతారు.

అందుకని ఏ పేరున్నా చాలని పేర్ల మధ్య 'ఆర్' పెట్టి, బ్రాకెట్లో కట్టి, చేపా ఊరూ రెండూ ఉండాలని బ్రాకెట్ల మధ్య 'యాండ్' పెట్టాలట. జంట మాటలు విడిపోకుండా కొటేషన్ గుర్తులు. 'ఫిష్' చివర నక్షత్రం గుర్తు పెడితే ఫిషింగ్, ఫిషరీ, ఫిషర్‌మెన్ అన్నీ వచ్చాయి. ఆ ఊపులో 'క్యాచ్'ని మూడు ఇంగ్లీషు అక్షరాల దగ్గరే కోసి నక్షత్రం పెట్టాను. క్యాటిల్ వచ్చాయి. హార్బర్‌లో వలేస్తే ఆవులు పడ్డది బహుశా నా ఒక్కదానికే.

అసలు గొడవ మాత్రం ఇది. చివరికి మేడమ్ శాస్త్రీయ నామం వేయించారు: రాస్ట్రెల్లిజర్ కనగుర్త. గాలించిన వ్యాసాలన్నీ అప్పుడు గానీ బయటికి రాలేదు. ఆ రెండో మాట ఎవరిదండీ? మనది. ప్యాట్రిక్ రసెల్ అనే దొర ఈ తీరంలో చేపలు పోగుచేసి, ఇక్కడి పేర్లతో సహా 200 చేపల బొమ్మలు, వివరాలు 1803లో లండన్‌లో అచ్చువేయించాడు. అందులోని 'కనగుర్త'నే 1816లో ఫ్రెంచ్ శాస్త్రవేత్త క్యూవియే శాస్త్రీయ నామంగా ఖాయం చేశాడు. మా చేపలబజారు మాట రెండు వందల ఏళ్ళుగా ప్రపంచమంతా తిరుగుతోంది. అదే మాట నేను తెలుగు లిపిలో కొడితే 'స్పెల్లింగ్ సరిచూసుకోండి' అన్నారు. ఎవరి స్పెల్లింగ్?

ఒక్క మంచి వ్యాసం దొరికాక మిమ్మల్ని అడగడం తగ్గించి దాన్నే అడిగాను. దాని కింద ఉన్న సబ్జెక్ట్ పదాలు తీసుకున్నాను. అది ఎవరిని ఉదహరించిందో, దాన్ని తర్వాత ఎవరు ఉదహరించారో చూసుకుంటూ పోయాను. ఇంత సులువని మొదటి రోజే చెబితే మీ సొమ్మేం పోయింది?

ఇంకొక మాట. కాలేజీలో ఉన్నంతసేపూ దగ్గరి చుట్టంలా పీడీఎఫ్‌లు ఇస్తారు. ఇంటికొచ్చి అదే వ్యాసం అడిగితే డాలర్లు చూపిస్తారు. కాలేజీ నెట్ ఐపీ అడ్రస్ చూసి గుర్తుపడతారని, బయటినుంచైతే వేరే లాగిన్ తీసుకోవాలని తర్వాత తెలిసింది. ఈలోగా నన్ను ఆదుకున్నవి మా ఊళ్ళోనే ప్రాంతీయ కేంద్రం ఉన్న సీఎంఎఫ్ఆర్ఐ (కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ) వాళ్ళ ఉచిత భాండాగారం, థీసిస్‌ల కోసం శోధ్‌గంగ. పైసా అడగలేదు.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మన తీరంలో మరబోట్లకి వేట నిషేధం. నాకు అలాంటి సెలవేం లేదు, శుక్రవారమే గడువు. కాబట్టి చిన్న మనవి. నేను టీ తాగి వచ్చేలోపు 'సెషన్ ముగిసింది' అని బయటికి గెంటేయకండి. ఆ బ్రాకెట్లన్నీ మళ్ళీ మొదటినుంచి పెట్టే ఓపిక నాకు లేదు.

ఇట్లు,
మూడో టేబుల్ దగ్గర, ప్లగ్ పాయింట్ పక్కన కూర్చున్న అమ్మాయి