కణాలు చచ్చాయి సరే, ఏ దారిన?

మళ్లీ అదే వీడియో. ఈ వారంలో నలుగురు పంపారు. సన్‌స్క్రీన్ పూసుకుంటే డీఎన్ఏ ముక్కలవుతుందట. రుజువేంటయ్యా అంటే, సన్‌స్క్రీన్‌లో వాడే తెల్లపొడి టైటానియం డయాక్సైడ్, దాని నానోరేణువులు (అతి సూక్ష్మమైన రేణువులు) ల్యాబ్‌లో జీవకణాలను చంపేశాయట.

చంపుతాయి. నేనూ చూశాను. ఏ రేణువులు, ఎంత, ఏ దారిన అన్నది మాత్రం ఎవడూ చెప్పడు.

అనటేజ్, రూటైల్ అని దీనికి రెండు ముఖ్యమైన స్ఫటిక రూపాలు. అతినీలలోహిత కాంతి పడితే చురుగ్గా ఆక్సిజన్ రాడికల్స్ (తగిలిన దానితో వెంటనే చర్య జరిపే కణికలు) పుట్టించేది ముఖ్యంగా అనటేజ్. కణంలో కొవ్వుల్నీ డీఎన్ఏనీ దెబ్బతీసేవి ఆ రాడికల్సే. సైజు సంగతి ఇంకోటి. అదే బరువున్న పొడి 200 నానోమీటర్ల నుంచి 20కి తగ్గితే ఉపరితలం పదింతలవుతుంది. రసాయన చర్యలు జరిగేది ఆ ఉపరితలం మీదే. సన్‌స్క్రీన్‌లో ఎక్కువగా వాడేది రూటైల్, అదీ అల్యూమినా, సిలికా లాంటి పూతతో. గాయాల్లేని చర్మం మీద అది పైనున్న మృతకణాల పొరలోనే ఆగిపోతుంది. ల్యాబ్ ప్లేటులోని కణాలకు ఆ పొర ఎక్కడిది?

ల్యాబ్ అంకెల్నీ గుడ్డిగా నమ్మకండి. రేణువులు ద్రవంలో ప్రోటీన్లు చుట్టుకుని, ముద్దకట్టి, అడుగునున్న కణాల మీద కూర్చుంటాయి. ఎంటీటీ పరీక్షలో కణాలు బతికున్నాయో లేదో రంగు చిక్కదనం చూసి లెక్కగడతాం, రంగు ఎంత చిక్కగా ఉంటే అన్ని కణాలు బతికున్నట్టు. తెల్ల రేణువులు కాంతిని చెదరగొడితే ఆ అంకె పెరిగిపోతుంది. కణాల్లేకుండా ఉత్త రేణువులతో ఒక కంట్రోల్ (పోల్చి చూసుకునే నమూనా) పెట్టాలని నాకు మొదట్లో తట్టలేదు. చచ్చిన కణాలు బతికున్నట్టు లెక్కొచ్చింది. రెండు నెలల డేటా చెత్తబుట్టలోకి! అంటే పొరపాటు "సేఫ్" వైపూ జరగొచ్చు.

అసలేమీ కాదు, "సేఫ్" అనే బ్యాచ్ మీదా నాకు కోపమే. ఈ పొడిని దుమ్ముగా పీల్చిన ఎలుకల ఊపిరితిత్తుల్లో కణితులు వచ్చాయి. 2006లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దీన్ని 2బీ గ్రూపులో పెట్టింది, అంటే మనుషుల్లో క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్నదని. చిట్టెలుకల్లో కణితులు రాలేదనీ, ఊపిరితిత్తులు శుభ్రం చేసుకోలేనంత దుమ్ము పీల్పించారనీ వాదన ఉంది. నిజమే. అయినా అమెరికాలో కార్మికుల ఆరోగ్యం మీద పరిశోధించే నియోష్ సంస్థ 2011లో పనిచేసే చోట ఘనమీటరు గాలికి మామూలు పొడైతే 2.4 మిల్లీగ్రాములు, నానో పొడైతే 0.3 మించొద్దని సిఫార్సు చేసింది. ఎనిమిది రెట్ల తేడా ఊరికే పెట్టలేదు కదా.

తిండిలో తెలుపు కోసం వేసే టైటానియం డయాక్సైడ్ (కోడ్ E171) సంగతికొస్తే, డీఎన్ఏకు హాని లేదని తేల్చలేమని 2021లో యూరప్ ఆహార భద్రతా సంస్థ చెప్పింది, 2022లో యూరప్‌లో తిండిలో దీనిపై నిషేధం వచ్చింది. కెనడా, బ్రిటన్ నిపుణులు మాత్రం ఆ ఆధారాలు చాలవన్నారు. నన్నడిగితే, అది తిండికి తెలుపు తప్ప ఇంకేమీ ఇవ్వదు, దానికోసం అనుమానాన్ని మింగడం దేనికి?

సన్‌స్క్రీన్‌లోనైనా భయపడాల్సింది క్రీమ్‌కి కాదు, ఊపిరితిత్తుల్లోకి వెళ్లే స్ప్రేకి. ఆ వీడియోలో స్ప్రే మాట ఒక్కసారీ రాలేదు. రోజంతా ఆ పొడి బస్తాలు విప్పే కార్మికుల మాట అసలే లేదు.